తొట్టెల ఎక్కని పిల్లలు

నల్గొండలో పానగల్ రోడ్డు దిక్కున్న ఆ గల్లీలో కోమలతో గొడవపడని ఇల్లు లేదు. చెత్తబండి అతను కిందినుంచే కేకేసి వెళ్లిపోతే గొడవ. కూరగాయల బండిమీద కొన్న వంకాయ పుచ్చు తేలితే, మరునాడు ఆ బండిని ఆపి మరీ గొడవ. ఇంటి ఓనరు మంజులతకూ ఆమెకూ నీళ్ల మోటారు దగ్గర పొద్దున్నే ఒక విడత నడవాల్సిందే. అది నడవని రోజున, ఇద్దరిలో ఎవరికో జ్వరం తగిలి ఉంటుందని పక్కింటివాళ్లు తొంగి చూసేవారు.

ఇంత నోరున్న మనిషి బతుకుతెరువు ఏమిటంటే, ఇల్లిల్లూ తిరిగి మెత్తటి మాటలతో జనాన్ని ప్రశ్నలడగడం. జనాభా మీద పరిశోధన. ఏ ఊళ్లో ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఎవరు వలస వెళ్లారు, ఎవరికి ఏ వయసులో పెండ్లయింది... ఇవన్నీ అడిగి రాసుకుని, లెక్కగట్టి, లావుపాటి పుస్తకం చేసి యూనివర్సిటీకి ఇస్తే డాక్టరు పట్టా ఇస్తారు. మంజులతకు మొదట్లో ఈ సంగతి తెలియక, డాక్టరమ్మ కిరాయికి దిగిందని సంబరపడి, వాచిన మోకాలు చూపించింది. "నేను గా డాక్టర్ను కాదక్కా" అని కోమల చెప్తే, "మరి ఏం డాక్టరువే? పుట్టినోళ్లను, సచ్చినోళ్లను లెక్కపెట్టుడు గూడ ఒక డాక్టరీయేనా?" అని ఆమె మోకాలు దాచుకుని వెళ్లిపోయింది. వాళ్లిద్దరికీ చెడింది అప్పుడే.

కోమల పుట్టింది మక్తల్ పక్కన ఒక మెట్ట పల్లెలో. వానపడితే కంది, పడకపోతే వలస. తండ్రి కురుమయ్య, తల్లి సైదమ్మ మేస్త్రీ వెంట ఎక్కడెక్కడికో కాలువలు తవ్వడానికి వెళ్లేవారు. పిల్ల మాత్రం అవ్వ దగ్గర కొన్నాళ్లు, ఆ తర్వాత హాస్టల్లో. హాస్టల్లో కూర అడుగంటితే గిన్నెను గరిటెతో మోగించి వార్డెన్‌ను పిలిపించిన పిల్ల అది. కురుమయ్య కాలువ పనిలోనే మంచానపడి కోలుకోలేదు. తనకు కావలసింది తానే అరిచి తెచ్చుకోవాలని కోమలకు ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. డిగ్రీ, ఆ పైన చదువు, సర్వే కంపెనీల్లో ఊరూరూ తిరగడం, చివరికి పరిశోధన. పెండ్లెందుకు చేసుకోలేదని గల్లీలో అందరికీ తెలుసుకోవాలని ఉండేది. అడిగినవాళ్లకు, "మీరు చేసుకున్నరు గదా, ఏం సుఖపడ్డరో చెప్పుండ్రి, అది రాసుకుంట" అని జవాబొచ్చేది.

ఆమె ప్రపంచంలో ఒక శత్రువున్నాడు. పేరు నాగేందర్. కొత్తకోటలో హైవే పక్కన వాళ్ల నాయినకు హోటలుంది. వచ్చేపోయే లారీవాళ్లను, కార్లవాళ్లను పలకరించి కూర్చోబెట్టిన ఇంట్లో పెరిగాడు కాబట్టి మనిషి నాలుక తీపి. ఇద్దరూ ఒకేసారి పరిశోధనలో చేరారు. మొదట్లో బాగానే ఉండేవారు. ఒకసారి యూనివర్సిటీలో కోమల మాట్లాడుతుంటే అతను వెనకనుంచి లేచి, "'గట్ల', 'గిట్ల' అనొద్దు మేడం, ఇది సంత కాదు" అన్నాడు. తన ఇంట్లో తన తల్లి మాట్లాడేదీ ఆ మాటే అయినా అన్నాడు. అందరూ నవ్వారు. కోమల ఊరుకుంటుందా? మరుసారి అతను తన పట్టికను తెరమీద చూపిస్తున్నప్పుడు కూర్చున్నచోటనే శాతాలు కూడి, వందకు ఎక్కువ తేలిందని గట్టిగా చెప్పింది. "ఇంకా పుట్టనోళ్లను గూడ కలిపినవా నాగేందర్?" అంది. ఆరోజు నవ్వు ఇంకా పెద్దది. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

జనాభా పరిశోధకులకు ఏటా ఒక పోటీ ఉంటుంది. ఒక సంఘంవాళ్లు పెడతారు. ముప్పై అయిదు దాటనివాళ్లు తమ పరిశోధన పంపాలి. అందులోంచి కొందరిని ఏరి, న్యాయనిర్ణేతల ముందు మాట్లాడిస్తారు. గెలిచినవాళ్లకు శాలువా, జ్ఞాపిక మామూలే. అసలు సంగతి వేరు. గెలిచినవాళ్లను పెద్ద సంస్థలు పిలిచి ఉద్యోగం ఇస్తాయి. కోమల ఏటా పంపింది, ఏటా వెనక్కి వచ్చింది. ఆ ఏడు చివరిది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. మళ్లీ సర్వే కంపెనీల సంచీ భుజాన వేసుకుని బస్సులెక్కడమే. అందుకని ప్రాణమంతా పెట్టి రాసింది. ఈసారి పేరొచ్చింది. పోటీ నల్గొండలోనే, కాలేజీ హాల్లో. ఎంపికైనవాళ్లలో దీప్తి అని చిన్నపిల్ల ఒకతె ఉంది. ఇంకొకరు ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఆ పరిశోధన సంగతి కొంచెం చెప్పాలి.

కోమల తన సొంత ఊరు, చుట్టుపక్కల పల్లెలు తిరిగి తల్లులను ప్రశ్నలడిగింది. ఎందరు పిల్లలు, ఎక్కడ కాన్పు, ఏ దవాఖాన. ఆ వరసలో ఒక ప్రశ్న ఉంది: పుట్టి, ఒక్కసారైనా ఏడ్చి, ఆ తర్వాత పోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అని. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని రాసినవాళ్లకు అది మామూలు ప్రశ్న. ఆ పల్లెల్లో అలా కాదు. బిడ్డను తొట్టెలలో, అంటే ఊయలలో వేసి, పేరు పెట్టేదాకా ఆ బిడ్డ లోకంలోకి పూర్తిగా వచ్చినట్టు కాదు. అంతకుముందే పోతే, చేనుగట్టున పూడ్చి వచ్చి, ఆ మాట మళ్లీ ఎత్తరు. తల్లిని గట్టిగా ఏడవనివ్వరు. 'తొట్టెల ఎక్కలేదు' అని ఒక్కమాట అనుకుంటారు, అంతే. దాని గురించి తల్లిని అడగడమంటే, పుట్టబోయే బిడ్డకు కీడు పిలవడమే.

కోమలకు చిన్నప్పుడే ఆ పాఠం అయింది. ఎవరో అన్న మాట విని, "అవ్వా, నాకంటె ముందు ఒకడు పుట్టిండంట గదా, యాడున్నడు?" అని అడిగితే, అవ్వ చెంప పగలగొట్టింది. అంతకుముందూ ఆ తర్వాతా ఆ అవ్వ ఆమెమీద చెయ్యెత్తలేదు.

అందుకే ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కోమల నాలుక తిరిగేది కాదు. ప్రతి ఇంటా దాన్ని దాటేసి, 'లేరు' అని తానే రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లేది. అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. ముత్తయిదువను పట్టుకుని నీ మొగుడు ఎప్పుడు పోతాడని అడుగుతామా, ఇదీ అంతే అనుకుంది. ఊరు తెలియని పట్నపు పిల్లయితే అడిగేసి, తిట్లు తిని, జవాబు తెచ్చుకునేది. మర్యాద తెలిసిన సొంత బిడ్డ కాబట్టి కోమల తప్పుచేసింది.

అప్పటికింకా నాగేందర్‌తో మాటలున్నాయి; అతనూ కొత్తకోట పల్లెల్లో అవే ప్రశ్నలతో తిరుగుతున్నాడు. క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ కోమల, "నువ్వు గా ప్రశ్న అడుగుతున్నవా?" అంటే, "అడిగితే చీపుర్లు తిరగేస్తరు కోమలా, అన్నిట్లో లేరని కొట్టేసిన" అన్నాడు. "నేను గూడ" అంది. ఇద్దరూ పడిపడి నవ్వుకున్నారు. వాళ్లిద్దరికీ ఒక్క అభిప్రాయం కుదిరింది అక్కడ ఒక్కచోటే.

ఆ జవాబులన్నీ లెక్కగడితే ఏం తేలుతుంది? ఆ పల్లెల్లో పసిగుడ్లు పోవడం దాదాపు లేదని తేలింది. అంబులెన్సు వచ్చింది, కాన్పులు దవాఖానలో అవుతున్నాయి, అందుకే ఈ మంచి ఫలితమని కోమల రాసింది. దాన్నే పోటీకి పంపింది. పత్రికలో జిల్లా పేజీలో చిన్న ముక్క కూడా పడింది. మంజులత ఆ పేపరు ముక్క చూసి, "ఫోటో నల్లగ పడ్డది" అని తీర్పు చెప్పింది.

పోటీకి ముందురోజు పొద్దున కోమల అద్దం ముందు నిలబడి తన ఉపన్యాసం అప్పజెప్పుకుంటోంది. తల్లి సైదమ్మ మంచంమీద కూర్చుని ఉంది. కంటి ఆపరేషన్‌కు నల్గొండ తెచ్చి ఇంట్లో ఉంచుకుంది కోమల. మొఖానికి నల్లద్దాలు, ఒడిలో పుట్నాల గిన్నె. వింటూ వింటూ నమలడం ఆపేసింది.

"మళ్లొకసారి సదువు. గా పసిపిల్లల ముచ్చట."

కోమల సంతోషంగా చదివింది. తల్లి మెచ్చుకుంటుందనుకుంది.

"ఎవరు చెప్పిండ్రే నీకు, మన దిక్కు పసిపిల్లలు పోతలేరని?"

"ఊరోళ్లే చెప్పిండ్రు. ఇల్లిల్లు తిరిగిన."

"మనింటికి గూడ వచ్చినవు గదా ప్రశ్నల పట్టీ పట్టుకోని. నన్ను ఏం అడిగినవు?"

"అన్నీ అడిగిన."

"అన్నీ అడగలె." సైదమ్మ గిన్నె పక్కన పెట్టింది. "నాకు ఎందరు పుట్టిండ్రని రాసినవు?"

కోమల అద్దంలోంచి తల్లిని చూసింది. నల్లద్దాల వెనక కళ్లు కనబడలేదు.

"నేనొక్కదాన్ననే రాసిన."

"పోయినోడు?"

"... లేడని రాసిన."

"లేడు!" సైదమ్మ తొడమీద చరుచుకుంది. "మరి నేను తట్టమోస్తా నొప్పులు పడ్డది అబద్ధమా? కాలువ గట్టుమీద గుడారంల కన్నది అబద్ధమా? మీ నాయిన అంగీల సుట్టి తీస్కపోయింది గాలినా?"

"నువ్వు ఎన్నడన్న చెప్పినవా నాకు?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా? ఊరోళ్లు అడగరు, ఎరుకే. మీ అవ్వ అడగనియ్యలె, గదీ ఎరుకే. నువ్వు సర్కారు కాయిదం పట్టుకొని వచ్చినవు, ఇది అడుగుతదేమో అని నా పానం కొట్టుకున్నది. నువ్వు తలకాయ వంచుకొని గీసుకుంట పోయినవు. ఏందే, నేను ముసల్దాన్ని, ఇంక నాకు పుట్టేటోళ్లున్నరా కీడొచ్చేటందుకు?"

కోమలకు ఒళ్లు మండింది. తప్పు పట్టుకున్నవాళ్లమీద ఆమెకు ఎప్పుడూ ముందు కోపమే వచ్చేది.

"రేపు నా బతుకు తేలే దినం. గీ ముచ్చట ఇయాల్నే ఎల్లాల్నా నీకు? ఇన్నేండ్లు నోరు మూసుకున్నదానివి ఇంకో రెండ్రోజులు మూసుకోలేకపోయినవా?"

"నువ్వు మొత్తుకుంట సదివితివి, నేను ఇంటి. కండ్లకు గంతలు కట్టిండ్రు, చెవులకు కట్టలె."

"నీకు నేను పైకొచ్చుడు ఇష్టం లేదు!"

"నా కొడుకుమీద కాలు బెట్టి పైకెక్కుతున్నవు. ఎక్కు."

ఈ కేకలకు మంజులత మెట్లెక్కి సగం వచ్చి ఆగింది. "ఏందమ్మా, తల్లీబిడ్డలు? కొట్టుకునేదుంటే కింద జాగా ఎక్కువుంది" అంది. కోమల తలుపు మొఖంమీద వేసింది. ఆ రోజంతా ఆ ఇంట్లో ఒకరికొకరు పలకలేదు. అన్నం మాత్రం కోమల పెట్టింది, సైదమ్మ తిన్నది; గిన్నెల చప్పుడు వింటేనే ఎవరు ఎంత కోపంగా ఉన్నారో కిందిదాకా తెలిసింది.

మరునాడు కాలేజీ హాలు కిటకిటలాడింది. వేదికమీద శాలువాలు మడతపెట్టి ఉన్నాయి. రంగు కాగితంలో చుట్టిన జ్ఞాపిక ఉంది. కోమల లోపలికొస్తూనే దాన్నే చూసింది. ఇస్త్రీ చీర కట్టింది, నోరు కట్టేసుకుంది. నిన్నటి మాట ఇంట్లోనే వదిలేసి వచ్చానని తనకు తాను చెప్పుకుంది. అందరి లెక్కల్లోనూ ఏదో ఒక లొసుగు ఉంటుంది. నాది నేను చెప్పుకుంటే ఎవరికి లాభం?

న్యాయనిర్ణేతల్లో ఒక తెల్లజుట్టు మేడం ఉంది. బయటి జిల్లా మనిషి. కండ్లద్దాలు ముక్కుమీదికి జార్చి అందరినీ పైనుంచి చూస్తోంది. ముందు దీప్తి మాట్లాడింది. నల్గొండ పట్నంలో మొదటి కాన్పుకూ రెండో కాన్పుకూ ఎడం ఎంత ఉంటోందని చెప్పింది. వినేవాళ్లు ఆవలించారు. తర్వాత నాగేందర్ లేచాడు. కొత్తకోట పల్లెల్లో పసిపిల్లల మరణాలు ఎలా తగ్గిపోయాయో తేనె పోసినట్టు చెప్పాడు. కోమల రాసిందే, ఊళ్ల పేర్లు వేరు. చప్పట్లు మోగాయి.

తెల్లజుట్టు మేడం కలం కింద పెట్టింది. "పేరు పెట్టకముందే పోయిన పిల్లల సంగతి అడిగారా?"

కోమల తలెత్తి మేడం దిక్కు చూసింది.

నాగేందర్ తడుముకోలేదు. "ప్రతి ఇంట్లో అడిగాం మేడం. అందులో రాజీ లేదు." అంటూ కోమల కూర్చున్న దిక్కు తిరిగి చిరునవ్వు నవ్వాడు. "మక్తల్ వైపు పనిచేసినవాళ్లు అడిగారో లేదో, వాళ్లనే కనుక్కోవాలి."

ఆ నవ్వు క్యాంటీన్ నవ్వే. నువ్వూ నాలాగే అంటావు, అనక ఏంచేస్తావు అన్నట్టుంది అది. కోమల వేదిక ఎక్కింది. 'అడిగాం' అనే ఒక్కమాట చాలు, జ్ఞాపిక చేతిలో పడవచ్చు, ఉద్యోగం రావచ్చు. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా. తల్లి కేక దాన్ని ఆపిందా, ఆ నాగేందర్ మొఖం ఆపిందా అన్నది గల్లీలో ఈనాటికీ తేలలేదు. మొఖమే ఆపిందని మంజులత పట్టు.

"మేడం, నేను అడగలే" అంది కోమల. మైకు గీపెట్టింది. "ఒక్క ఇంట్ల గూడ అడగలే. మా అమ్మను గూడ అడగలే. నాకంటె ముందు పుట్టినోడు తొట్టెల ఎక్కకముందే పోయిండు. నేను లేడని రాసిన. నా లెక్క తప్పు."

కోమల అక్కడితో ఆగితే ఆమె కోమల కాదు.

"గీ నాగేందర్ గూడ అడగలే. క్యాంటీన్ల నాతోటి చెప్పిండు. ఇద్దరం నవ్వుకున్నం గూడ."

"అబద్ధం!" నాగేందర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఈమెకు నా మీద కక్ష మేడం, అందరికీ తెలుసు!"

"కక్ష ఉన్నది, నేనేం లేదన్ననా?" కోమల వేదికమీద నుంచే వేలు చూపింది. "నువ్వు అడిగినవు గదా? అడిగితే తల్లులు ఏమన్నరు?"

"ఏమంటారు? లేరన్నారు."

"ఎవరన్న తిట్టిండ్రా నిన్ను?"

"నన్నెందుకు తిడతారు? మర్యాదగానే చెప్పారు."

"ఒక్కతె గూడ చీపురందుకోలె? నీ నోట్ల మన్నువడ అనలె?"

"ఎవరూ ఒక్కమాట అనలేదు!" అన్నాడు నాగేందర్ గర్వంగా.

వెనక వరసల్లో మక్తల్, కొత్తకోట ఉన్న మహబూబ్‌నగర్ దిక్కునుంచి వచ్చిన ఆడవాళ్లు కొందరున్నారు, అంగన్‌వాడీ టీచర్లు. వాళ్లలోంచి ముందు ఒక నవ్వు లేచింది, తర్వాత ఇంకొకటి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగానే అంది: "తిట్లు వడలేదంటే అడగనట్టే గదా, సారూ!"

నాగేందర్ వాళ్ల దిక్కు చూశాడు. తను పుట్టిపెరిగిందీ ఆ దిక్కేనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తీపి నాలుక ఎండిపోయింది. మేడం మరో ప్రశ్న వేయలేదు. కాగితంమీద అడ్డంగా ఒక గీత గీసింది, దాని కింద ఇంకొక గీత.

బహుమతి దీప్తికి ఇచ్చారు. కోమల చప్పట్లు కొట్టింది గానీ పళ్లు కొరుకుతూ కొట్టింది. ఆ ఆవలింతల పరిశోధనకు శాలువా ఏమిటని ఆమెకు ఇప్పటికీ మంటే.

మెట్ల దగ్గర నాగేందర్ దారికి అడ్డం వచ్చాడు. ఇప్పుడు అతని నోట్లో కొత్తకోట మాటే ఉంది. "నువ్వు మునిగినవు, నన్ను ముంచినవు. ఏమొచ్చిందే నీకు?"

"నీకు రాలె గదా. గదే వచ్చింది నాకు. జరుగు."

గల్లీలోకి వచ్చేసరికి మంజులత గేటు దగ్గరే ఉంది. చేతిలో ఏమీ లేకపోవడం చూసింది. "శాలువా ఏదే?" అంది. కోమల వినిపించుకోకుండా మెట్లెక్కింది.

సైదమ్మ నిన్న కూర్చున్నచోటనే కూర్చుని ఉంది.

"వచ్చిందా?"

"రాలె."

"గా నాగేందర్‌కు?"

"వానికి గూడ రాలె."

సైదమ్మ మూతి ఒకపక్కకు కొంచెం కదిలింది. అది నవ్వో కాదో నల్లద్దాలతో చెప్పడం కష్టం. కోమల చీరైనా మార్చుకోలేదు. సంచీలోంచి ప్రశ్నల పట్టీ ఒకటి తీసి నేలమీద కూర్చుంది. వచ్చే ఏటికి వయసు దాటుతుంది, ఇక పోటీ లేదు, శాలువా లేదు. అయినా కలం మూత తీసింది.

"పుట్టి, ఒక్కసారన్న ఏడ్చి, తర్వాత పోయిన బిడ్డ ఎవరన్న ఉన్నరా?" గొంతులో కోపం ఇంకా తగ్గలేదు, పోలీసు అడిగినట్టే అడిగింది.

"పో అవతలికి. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"చెప్తవా, చెప్పవా?"

సైదమ్మ గోడదిక్కు తిరిగింది. పుట్నాల గిన్నెలో వేళ్లు తిప్పింది.

"ఉన్నడు. ఒకడు. ఒక్కసారి ఏడ్చుడేంది, నీ లెక్కనే ఏడ్చిండు. గుడారాలన్నీ లేసి కూసున్నయ్. మేస్త్రీ పెండ్లాం వచ్చి, ఏం నోరమ్మా గీ పోరగానిది అన్నది. మీ నాయిన అయితే..."

కిందినుంచి మంజులత కేకేసింది. "కోమలా! మోటరేసిన! నీళ్లు పట్టుకుంటవా, బంద్ జెయ్యాల్నా?"

కోమల కిటికీలోంచి తల బయటపెట్టి, గల్లీ అంతా అదిరేలా అరిచింది.

"జర ఆగు! మా అమ్మ మాట్లాడుతాంది!"